హిందీ, ఉర్దూ రెండూ వస్తే యూనివర్సిటీలో ఉద్యోగం దొరుకుతుందా?

ముందు ప్రశ్నేమిటో రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. నిజామాబాద్ అమ్మాయి ఒకరు అడిగారు. హైదరాబాద్‌లో ఎం.ఏ. హిందీ రెండో సంవత్సరం చదువుతున్నారు, తాతగారి దగ్గర ఉర్దూ చదవడం రాయడం నేర్చుకున్నారు, రెండు భాషలూ చెప్పే యూనివర్సిటీ లెక్చరర్ కావాలని ఉంది. ఇంట్లో మాత్రం బీఈడీ చెయ్యి, లేదా బ్యాంకు పరీక్షలు రాయి అంటున్నారు. అమెరికాలో హిందీ-ఉర్దూ చెప్పేవాళ్లను తీసుకుంటారట, నిజమేనా? హిందువుని కదా, ఉర్దూ పోస్టుకు నన్ను ఎవరైనా తీసుకుంటారా? ఇవీ ఆవిడ అనుమానాలు.

నేను జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో హిందీ లెక్చరర్‌గా మొదలై, తర్వాత హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చేరి, మధ్యలో కొన్నేళ్లు అమెరికాలో హిందీ, ఉర్దూ రెండూ చెప్పి, ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నవాణ్ణి. అందుకని ఇక్కడి సంగతీ అక్కడి సంగతీ కాస్త చెప్పగలను.

సూటిగా చెప్తానమ్మా. మన దేశంలో హిందీ-ఉర్దూ కలిపి ఒకే లెక్చరర్ పోస్టు అన్నది మీకు ప్రకటనల్లో కనిపించదు. హిందీ శాఖ వేరు, ఉర్దూ శాఖ వేరు, చాలాచోట్ల ఒకే కారిడార్‌లో ఎదురెదురు గదుల్లో ఉండి కూడా ఒకళ్ల సెమినార్‌కు ఒకళ్లు వెళ్లరు. అమెరికాలో, బ్రిటన్‌లో మాత్రం రెండూ ఒకే మనిషి చెప్పడం మామూలే. కానీ అక్కడ వాళ్లు వెతికేది భాష నేర్పగల టీచర్ కోసం. సాహిత్యం మీద ఎంత పట్టు ఉన్నా అది రెండో ప్రశ్న. మన ఎం.ఏ. మనల్ని సాహిత్యం చెప్పడానికి తయారు చేస్తుంది, తీరా ఉద్యోగంలో చేరాక ఇక్కడైనా అక్కడైనా పొద్దంతా భాష నేర్పడానికే పోతుంది. ఇది ముందే తెలిసి అందుకు సిద్ధపడ్డవాళ్లు నిలదొక్కుకున్నారు, తెలియనివాళ్లు పదేళ్లు గెస్ట్ లెక్చరర్లుగానే ఉండిపోయి కబీర్ గురించి అద్భుతంగా మాట్లాడుతూ కనిపిస్తారు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే, మిగతాదంతా దీని వివరం.

ముందు ఇక్కడి దారి. యూజీసీ నెట్ తప్పదు, లెక్చరర్ కావడానికి రాయాల్సిన జాతీయ అర్హత పరీక్ష అది. హిందీ కోడ్ 20, ఉర్దూ కోడ్ 28, ఏ సబ్జెక్టులో పీజీ చేశారో అందులోనే రాయాలి కాబట్టి ప్రస్తుతానికి మీకు హిందీయే. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. పేపర్-1లో 50 ప్రశ్నలు, పేపర్-2లో 100, కలిపి మూడు గంటలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. రాసినవాళ్లలో పైనున్న 6 శాతం మందినే పాస్ చేస్తారు. భాషల పిల్లలు ఎక్కువగా మునిగేది పేపర్-1లో. సాహిత్య చరిత్ర కంఠతా వచ్చి, శాతాల లెక్కలు, పట్టికలు చదవడం, రీజనింగ్ రాక పోగొట్టుకున్న తెలివైనవాళ్లను ఎంతమందినో చూశాను. రోజుకు అరగంట దానికి పెట్టండి, చిన్నతనంగా అనుకోవద్దు. నెట్‌తో పాటు రాష్ట్రాలు పెట్టే అర్హత పరీక్ష సెట్ కూడా రాయండి. తెలంగాణది ఉస్మానియా, ఆంధ్రది ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తాయి. సెట్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది, అయినా చేతిలో ఉంటే మంచిది.

నెట్‌లో పై మార్కులు వచ్చినవాళ్లకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ తిండికి లోటు లేకుండా సాగుతుంది. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. వయోపరిమితి 30, ఆడపిల్లలకు అయిదేళ్ల సడలింపు ఉంది కాబట్టి మీకు టైం ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు (మనం లెక్చరర్ అనే పోస్టుకు ఇప్పటి పేరు అది) అసలు గరిష్ఠ వయసు అంటూ యూజీసీ పెట్టలేదు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ లేదా సెట్ ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు. అది కాగితం మీద మాట. పీహెచ్‌డీ లేకుండా యూనివర్సిటీ ఇంటర్వ్యూ దాకా పోవడమే కష్టం, పోయినా మీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లందరికీ ఉంటుంది. జీతం సంగతి చెప్పాలంటే రెగ్యులర్ పోస్టుకు ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 57,700తో మొదలు, డీఏ, అద్దె భత్యం వేరు. హిందీ లెక్చరర్‌కూ ఫిజిక్స్ లెక్చరర్‌కూ ఒకటే స్కేలు, ఇది మన బంధువులు నమ్మరు.

మరి ఇబ్బంది ఎక్కడ? ఆ రెగ్యులర్ పోస్టు ప్రకటన పడటంలో. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నియామకాలు ఉండవు, ఒకసారి ప్రకటన వస్తే కోర్టు కేసులు, ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికన్న రోస్టర్ గొడవలు. ఈలోపు పని నడిపేది కాంట్రాక్టు, పార్ట్‌టైం, గెస్ట్ వాళ్లు. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు చెప్పాలి, గెస్ట్ వాళ్లు అంతకన్నా ఎక్కువే చెప్పి గంటల లెక్కన తీసుకుంటారు, అదీ ఎండాకాలంలో రాదు. ఒక ప్రైవేటు కాలేజీలో నాకు తెలిసినావిడకు సెమిస్టర్ అయిపోయాక కూడా డబ్బులివ్వకుండా తిప్పించుకున్నారు. ఈ దశ ఎవరికైనా ఉంటుంది, దానికి గడువు మాత్రం మీరే పెట్టుకోండి. పీహెచ్‌డీ చేతికొచ్చిన మూడు నాలుగేళ్లకు కూడా ఏదీ కదలకపోతే పక్కదారి చూసుకోవాలి. ఆ పక్కదారుల గురించి కింద చెప్తాను.

ఉర్దూ మీకు ఇక్కడ ఎక్కడ పనికొస్తుంది? మొదట గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం. 1998లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉర్దూ మాధ్యమంలో అన్ని సబ్జెక్టులూ చెప్తారు, అక్కడ హిందీ శాఖ కూడా ఉంది. అక్కడి పోస్టులకు సాధారణంగా ఉర్దూ తెలుసని రుజువు అడుగుతారు, పదో తరగతిలోనో ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉర్దూ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలన్నట్టు ఉంటుంది. తాతగారి దగ్గర నేర్చుకున్నాను అంటే వాళ్లు కాదనరు, కానీ ఫైలులో పెట్టడానికి కాగితం కావాలి కదా. కాబట్టి ఈ ఏడాదే ఒక సర్టిఫికెట్ సంపాదించండి. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏడాది డిప్లొమా నడుపుతుంది. దాన్ని ఈ నిబంధన కింద లెక్కిస్తారా లేదా అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. ఇంకా గట్టిగా కావాలంటే దూరవిద్యలో ఎం.ఏ. ఉర్దూ చెయ్యండి, 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి ఒప్పుకుంది. అది పూర్తయితే ఉర్దూలో కూడా నెట్ రాయొచ్చు. రెండు సబ్జెక్టుల్లో నెట్ ఉన్న మనిషిని నేను చాలా అరుదుగా చూశాను.

కర్నూలులో 2016లో పెట్టిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది, దాన్ని కూడా గమనిస్తూ ఉండండి. తెలంగాణలో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేశాక ప్రభుత్వ కార్యాలయాల్లో ఉర్దూ అధికారులను కూడా నియమించారు. ఆ పోస్టులు తక్కువే, అయినా దారి ఉందని చెప్తున్నా. ఇంకో విషయం, దీన్ని ఎవరూ పైకి మాట్లాడరు. ఉర్దూ టీచర్ పోస్టుల్లో ఎస్సీ, ఎస్టీ రోస్టర్‌లో వచ్చేవి అభ్యర్థులు లేక ఖాళీగా మిగిలిపోతుంటాయి. మీరు ఆ వర్గాలవారైతే ఉర్దూ ఎం.ఏ. మీద పెట్టే శ్రమ వృథా పోదు.

ఇక హిందువునన్న అనుమానం. ఈ అనుమానం హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన పాత తరానికి వినడానికే వింతగా ఉంటుంది. నిజాం ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాద్ షాద్ అనే పేరుతో ఉర్దూ కవిత్వం రాశారు. సి.నారాయణరెడ్డి గారు చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చింది దాశరథి కృష్ణమాచార్య గారు. ఆదిలాబాద్ సామల సదాశివ గారి ఉర్దూ, హిందుస్తానీ సంగీతం గురించి నేను చెప్పక్కర్లేదు. ఢిల్లీలో ఉర్దూ ప్రొఫెసర్‌గా పేరు మోసి సాహిత్య అకాడెమీ అధ్యక్షుడైన గోపీచంద్ నారంగ్ ఎవరో చూసుకోండి. అటు హిందీ శాఖల్లో ముస్లిం ప్రొఫెసర్లు ఎంతోమంది. ఇంటర్వ్యూలో ఎవరో ఒకాయన "ఉర్దూ మీద ఇంట్రెస్ట్ ఎలా కలిగింది?" అని అడుగుతాడు, అడిగే తీరులో కొంచెం ఆరా ఉంటుంది, నవ్వుతూ జవాబు చెప్పి ఒక షేర్ (రెండు పాదాల ఉర్దూ కవిత) తప్పుల్లేకుండా చదవండి, అక్కడితో సరి. ఉచ్చారణ మాత్రం దిద్దుకోవాలి. మన తెలుగు నాలుకకు ఖాఫ్, ఖే, గైన్ సులువుగా పలకవు, 'జీమ్'కూ (ఇంగ్లీషు j) 'జే'కూ (ఇంగ్లీషు z) తేడా చెయ్యం. ఆ తప్పు పట్టేవాళ్లు పడతారు, అది మతం సంగతి కాదు.

ఇప్పుడు క్లాసు సంగతి. మీరు ఊహించుకుంటున్న క్లాసు, పదిహేను మంది ఎం.ఏ. పిల్లలు హిందీ కవిత్వంలో ఛాయావాదం అనే ధోరణి మీద చర్చిస్తూ ఉండటం, వారంలో కొన్ని గంటలే. డిగ్రీ కాలేజీలో అయితే అసలు ఉండదు. ఉండేది బీకాం, బీఎస్సీ పిల్లలకు సెకండ్ లాంగ్వేజ్ హిందీ. అందులో సగం మంది ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు, హిందీ తెలిసినవాళ్లు కూడా సంస్కృతానికే పోతున్నారు ఇప్పుడు, అక్కడ జవాబులు ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసినా మార్కులు పడతాయి కాబట్టి. ఉర్దూ సెకండ్ లాంగ్వేజ్‌కు పాతబస్తీలో, నిజామాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో, కర్నూలులో పిల్లలు దొరుకుతారు, మిగతాచోట్ల సెక్షన్ నిలబెట్టుకోవడమే ఒక ఉద్యోగం. అడ్మిషన్ల రోజుల్లో లెక్చరర్లే పాంప్లెట్లు పట్టుకుని జూనియర్ కాలేజీలకు తిరుగుతారు. నాకు అది అవమానంగా ఎప్పుడూ అనిపించలేదు, కొందరికి అనిపిస్తుంది, వాళ్లు మానేస్తారు.

తెలుగు పిల్లలకు హిందీ చెప్పడంలో అసలు కష్టమంతా రెండు చోట్ల ఉంటుంది. ఒకటి లింగం. మనకు బల్లా, కుర్చీ, పుస్తకం అన్నీ ఒకే గాటన పడతాయి, హిందీలో కుర్సీ ఆడది, కమరా మగది, పానీ ఈకారంతో ముగిసినా మగదే. నియమాలు బోర్డు మీద రాస్తే పరీక్షలో వస్తాయి, నోట రావు. ఏ నామవాచకం నేర్పినా ఒంటరిగా నేర్పకూడదు, పక్కన ఒక విశేషణమో మేరా-మేరీయో తగిలించే నేర్పాలి. రెండోది 'నే'. భూతకాలంలో సకర్మక క్రియ వచ్చినప్పుడు కర్తకు 'నే' తగిలి, క్రియ కర్తను వదిలి కర్మతో కలుస్తుంది. 'రామ్ నే రోటీ ఖాయీ' అని చెప్తే రాముడు ఆడవాడయ్యాడేంటి సార్ అని అడుగుతారు. దాని మీద వ్యాకరణ పాఠం చెప్పి ఉపయోగం లేదు. నిన్న ఏం తిన్నావు, ఏం చూశావు, ఎవరిని కలిశావు అని పది రోజులు వరుసగా అడిగించాలి, క్లాసులో అందరి నోటా వచ్చేదాకా. వ్యాకరణ నియమం ఆ తర్వాత చెప్తే వాళ్లే తలూపుతారు.

హైదరాబాద్ పిల్లలతో మరో తమాషా ఉంది. వాళ్లకు దక్కనీ, అంటే ఇక్కడి వాడుక హిందీ-ఉర్దూ, వచ్చు. హౌ, నక్కో, కైకూ, ఆతూం, జాతూం, అన్నీ ధారాళంగా మాట్లాడతారు, 'నే' మాత్రం ఎక్కడా పెట్టరు, ఎందుకంటే దక్కనీలో అది సరిగ్గా లేదు. పాత పద్ధతి మాస్టర్లు దాన్ని తప్పు హిందీ అని కొట్టిపారేసేవాళ్లు. మహమ్మద్ కులీ కుతుబ్ షా రాసిన భాషకు వారసులను పట్టుకుని మీది తప్పు అంటే ఎలా? ఇళ్లలో అది మాట్లాడండి, పరీక్షలో ఇది రాయండి, రెండింటికీ తేడా ఇదీ అని పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ పిల్లలే అందరికన్నా ముందుంటారు.

లిపి నేర్పడం మరో కథ. తెలుగు వచ్చినవాళ్లకు హిందీ రాసే నాగరి రెండు మూడు వారాల పని, గుణింతం పద్ధతి ఒకటే కదా. ఉర్దూ రాసే నస్తాలీఖ్ అలా కాదు. అక్షరం మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా మారుతుంది. అలిఫ్, దాల్, రే, వావ్ లాంటివి తర్వాతి అక్షరంతో కలవవు. హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు, పదం ముందే తెలిస్తేనే చదవగలం. ఇంగ్లీషు z ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలు, 'స'కు మూడు. చాలామంది మాస్టర్లు అలిఫ్ నుంచి యే దాకా వరుసగా నెల రోజులు రాయిస్తారు, అప్పటికి సగం క్లాసు ఖాళీ. నేను బోర్డులతో మొదలుపెట్టేవాణ్ణి. నాంపల్లి స్టేషన్ పేరు, పత్తర్‌గట్టీ దుకాణాల పేర్లు, ఇరానీ హోటల్ మెనూ, వాటి ఫోటోలు. అర్థం ముందే తెలిసిన పదాలు కాబట్టి కన్ను ఆకారాన్ని పట్టుకుంటుంది. సెమిస్టర్ చివరికి సియాసత్ పత్రికలో హెడ్డింగులు, పెళ్లి ప్రకటనలు చదివించేవాణ్ణి. పెళ్లి ప్రకటనలు బాగా పని చేస్తాయి, చిన్న వాక్యాలు, ఆసక్తి ఎక్కువ.

అమెరికా గురించి. అవును, తీసుకుంటారు. అక్కడ దక్షిణాసియా భాషల చదువు 1958లో వచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం నిధులతో పెరిగింది. పెన్సిల్వేనియా, షికాగో, విస్కాన్సిన్-మాడిసన్, బర్కిలీ, టెక్సాస్-ఆస్టిన్, కొలంబియా లాంటిచోట్ల హిందీ, ఉర్దూ చెప్తారు. ఆస్టిన్‌లో 2006లో రెండు భాషల పేరూ పెట్టి హిందీ-ఉర్దూ ఫ్లాగ్‌షిప్ అని పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టారు. మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు తెలుగు చెప్పిన సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే. ఆయనది ప్రొఫెసర్ ఉద్యోగం, పరిశోధన మీద నిలబడ్డది. మీరు అడుగుతున్న లెక్చరర్ ఉద్యోగం వేరు. అది భాషా తరగతుల కోసమే ఉండేది, కాంట్రాక్టు ఏడాదికో మూడేళ్లకో ఒకసారి పొడిగిస్తారు, ప్రొఫెసర్లతో సమానంగా చూడరు. క్లాసులు మాత్రం ఎక్కువ. మొదటి ఏడాది హిందీ వారానికి నాలుగైదు రోజులు ఉంటుంది.

అక్కడి క్లాసులో రెండు రకాల పిల్లలు. ఒకళ్లు భాష అసలు తెలియనివాళ్లు, మనం 'ట'కూ 'త'కూ తేడా దగ్గర నుంచి మొదలుపెట్టాలి. రెండోవాళ్లు మన ఇళ్ల పిల్లలు, గుజరాతీ, పంజాబీ, పాకిస్తానీ కుటుంబాలవాళ్లు, తెలుగు పిల్లలు కూడా వస్తారు, బాలీవుడ్ పుణ్యాన కొంత వినికిడి ఉంటుంది. మాట్లాడేస్తారు, ఒక్క ముక్క చదవలేరు. ఈ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి నడపడమే ఆ ఉద్యోగంలో నైపుణ్యం. హిందీ పిల్లలు, ఉర్దూ పిల్లలు కలిసి కూర్చునే క్లాసుల్లో మొదటి ఏడాది బోర్డు మీద రెండు లిపులూ పక్కపక్కన రాస్తూ పోవాలి. మాట్లాడే భాష ఒకటే కాబట్టి సంభాషణ అందరికీ కలిసే జరుగుతుంది, రెండో ఏడాది చివరికి వచ్చేసరికి చదివే పాఠాల్లో పదజాలం విడిపోతుంది, అప్పుడు సెక్షన్లు విడగొడతారు. ఇక్కడ ఎదురెదురు గదుల్లో మాట్లాడుకోని రెండు శాఖలను అక్కడ ఒక్క మనిషి ఒక్క సుద్దముక్కతో నడుపుతాడు, నాకు ఆ ఉద్యోగంలో నచ్చిందే అది.

ఇంటర్వ్యూలో మీ థీసిస్ గురించి అయిదు నిమిషాలు అడిగి, డెమో క్లాసు అడుగుతారు. మనవాళ్లు అక్కడే పోగొట్టుకుంటారు. ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు హిందీ భాషా వైభవం మీద ఇంగ్లీషులో ఉపన్యాసం ఇస్తారు. వాళ్లు చూసేది ఒక్కటే, టీచర్ ఎంతసేపు మాట్లాడింది, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు. ఒక రైలు టికెట్టో, కూరగాయల ధరల పట్టికో ఇచ్చి, రెండో నిమిషానికల్లా పిల్లలు ఒకళ్లనొకళ్లు ప్రశ్నలు అడుక్కునేలా చెయ్యండి. యాక్ట్‌ఫుల్ అని అక్కడ భాషా సామర్థ్యానికి స్థాయిలు ఉంటాయి, నోవిస్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, సుపీరియర్ అని. ఏ పాఠం ఏ స్థాయి పిల్లలకు, పాఠం అయ్యాక వాళ్లు ఏం చేయగలుగుతారు, ఇలా మాట్లాడటం నేర్చుకోండి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ లెక్క ప్రకారం ఇంగ్లీషువాళ్లకు హిందీ, ఉర్దూ, మన తెలుగు కూడా 44 వారాలు, దాదాపు 1,100 గంటలు పట్టే భాషలు. యూనివర్సిటీలో ఏడాదికి మీకు దొరికేది అందులో చిన్న ముక్క. అంత తక్కువ టైంలో ఏం వదిలెయ్యాలో తెలియడం కూడా టీచర్ పనే.

వెళ్లే దారి ఎలా? మీ వయసుకు సరిపోయేది ఫుల్‌బ్రైట్ వాళ్ల ఎఫ్ఎల్‌టీఏ. 21 నుంచి 29 ఏళ్ల లోపువాళ్లకు, తొమ్మిది నెలలు అక్కడ కాలేజీలో భాష చెప్పే సహాయకులుగా పంపుతారు. గుర్తుంచుకోండి, ఆ వీసా మీద వెళ్తే తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలి, ఆ తర్వాతే పని వీసా, గ్రీన్ కార్డు మాట. ఇంటికొచ్చాక ఆ అనుభవం ఇక్కడ కూడా పనికొస్తుంది. ఇండియాలో ఉంటూనే విదేశీ విద్యార్థులకు చెప్పే చోట్లు ఉన్నాయి. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ హిందీకి జైపూర్‌లో, ఉర్దూకు లక్నోలో కేంద్రాలు నడుపుతుంది, మసూరీలో ల్యాండోర్ స్కూలు ఉంది. అలాంటిచోట ఒక్క వేసవి చెప్తే, ఎం.ఏ.లో ఎవరూ నేర్పని విద్య చేతికొస్తుంది. ఆగ్రాలోని కేంద్రీయ హిందీ సంస్థాన్ గురించి కూడా తెలుసుకోండి, దానికి మూలపురుషుడు మన కృష్ణా జిల్లా మోటూరి సత్యనారాయణ గారే, హైదరాబాద్‌లో దాని కేంద్రం ఉంది.

అయితే ఇప్పుడు అమెరికాను నమ్ముకుని ప్లాన్ వేసుకోమని మాత్రం నేను చెప్పను. అక్కడి ఆధునిక భాషల సంఘం లెక్కలో 2016 నుంచి 2021 మధ్య ఇంగ్లీషు కాని భాషల్లో విద్యార్థులు 16.6 శాతం తగ్గారు. విద్యార్థులు తగ్గితే ముందు పోయేది లెక్చరర్ కాంట్రాక్టే. యూనివర్సిటీలకు హెచ్-1బీ లాటరీ లేదు, అది మంచిదే, కానీ 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఇద్దరు టీచర్లున్న చిన్న భాషా విభాగం బయటి దేశం మనిషిని ఎలా తెచ్చుకుంటుంది? వెళ్లి చేరినవాళ్లకు ఒక చిట్కా. కాలేజీ టీచర్ల గ్రీన్ కార్డుకు ప్రత్యేక పద్ధతి ఉంది, ఎంపికైన 18 నెలల లోపు యూనివర్సిటీ ఆ కాగితాలు వెయ్యాలి. అది దాటితే ఉద్యోగానికి మళ్లీ ప్రకటన ఇవ్వాల్సి వస్తుంది. చేరిన మొదటి నెలలోనే అడగండి, మొహమాటపడితే నష్టపోయేది మీరే.

పరిశోధన విషయంలో మీకున్న అదృష్టం మీకు తెలిసినట్టు లేదు. హిందీ శాఖల్లో ఏటా ఒకే రకం థీసిస్‌లు వస్తాయి, ఫలానా నవలల్లో స్త్రీ చేతన, ఫలానా కవిత్వంలో సామాజిక దృష్టి. మీరు అటు పోవద్దు. దక్కనీని హిందీవాళ్లూ ఉర్దూవాళ్లూ మాదంటే మాది అంటారు, రెండు లిపులూ చదివి, పైగా తెలుగు కూడా తెలిసి దాని మీద పని చేసేవాళ్లు తక్కువ. ప్రేమ్‌చంద్ ముందు ఉర్దూలో రాసి తర్వాత హిందీలోకి వచ్చిన రచయిత, ఆయన రెండు భాషల పాఠాలనూ పక్కన పెట్టి చదవగలిగేవాళ్లు ఎంతమంది? హైదరాబాద్‌లోనే సాలార్‌జంగ్ మ్యూజియం లైబ్రరీ, పంజాగుట్టలో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉన్నాయి, ఢిల్లీ వాళ్లు రైలెక్కి వచ్చి చూసుకునేవి మీకు సిటీ బస్సు దూరం. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు సైన్సు, వైద్యం, చట్టం పుస్తకాలన్నీ తర్జుమా చేయించారు. అదే 1918లో మద్రాసులో గాంధీ గారు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పెట్టించారు. ఈ రెండు ప్రయత్నాలూ తెలుగు ఊళ్లలో ఎలా కలిశాయి, ఎక్కడ గుద్దుకున్నాయి అన్నది ఒక్క మంచి థీసిస్‌కు సరిపోయే విషయం. డబ్బు కట్టించుకుని పది రోజుల్లో పేపరు వేసే జర్నల్స్ జోలికి మాత్రం పోకండి, సెలెక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్లకు వాటి పేర్లు బాగా తెలుసు.

ఇంట్లోవాళ్ల మాట. వాళ్లు చెప్పేది కొట్టిపారెయ్యకండి. స్కూలు ఉద్యోగం కోసం బీఈడీయో హిందీ పండిట్ శిక్షణో తీసుకుంటే, అందులో నేర్చుకునే పాఠ్యప్రణాళిక, మూల్యాంకనం అన్నీ మీరు అడిగే ఉద్యోగానికి కూడా కావలసినవే. బ్యాంకు కూడా సరే, క్లర్కు పరీక్ష బదులు రాజభాషా అధికారి పోస్టు (బ్యాంకులో హిందీ వాడకం చూసే ఉద్యోగం) చూడండి, బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ ప్రతి ఏడూ తీస్తుంది, ఎం.ఏ. హిందీతో పాటు డిగ్రీలో ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ హిందీ అనువాదకుల పరీక్షకు కూడా దాదాపు అవే అర్హతలు. రాజభాషా నియమాల్లో మనవి 'గ' ప్రాంత రాష్ట్రాలు, అంటే హిందీ మాట్లాడని రాష్ట్రాలు కాబట్టి ఇక్కడి కేంద్ర కార్యాలయాల్లో హిందీ తెలిసినవాళ్ల కొరత ఎప్పుడూ ఉంటుంది. నా విద్యార్థుల్లో స్థిరంగా బతుకుతున్నవాళ్లలో ఎక్కువమంది ఆ దారిన పోయినవాళ్లే, అందులో ఉంటూ పీహెచ్‌డీ చేసి తర్వాత యూనివర్సిటీకి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఉర్దూ మీద చేతి ఖర్చులు ఎలా వస్తాయో కూడా చెప్తాను, నిజామాబాద్ అంటున్నారు కాబట్టి. పాత నిజాం జిల్లాల్లో భూముల సేత్వార్లు (నాటి సర్వే రికార్డులు), పాత దస్తావేజులు ఉర్దూలో ఉంటాయి, ఏ పొలం ఎవరిదో రాసిన ఖస్రా పహాణీల్లో కూడా ఉర్దూ రాతలు తగులుతాయి. తాత పేరు మీద ఉన్న సర్వే నంబరు కోసం జనం తిరుగుతూనే ఉంటారు, ఆ గొలుసుకట్టు రాత చదివేవాళ్లు కోర్టుల దగ్గర ఇప్పుడు ముసలివాళ్లే మిగిలారు. అచ్చు ఉర్దూ చదివినంత తేలిక కాదు, చేతిరాతలో చుక్కలు ఉండవు. తాతగారు బతికి ఉంటే ముందు ఆ రాత నేర్చుకోండి, యూనివర్సిటీలో అది నేర్పేవాళ్లు మీకు దొరకరు. చదివి అర్థం చెప్పడం వరకే ఉండండి, ధ్రువీకరణ సంతకాలు పెట్టకండి, తర్వాత సాక్ష్యానికి పిలుస్తారు.

నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. ఎం.ఏ. చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు, కాబట్టి వచ్చే నోటిఫికేషన్‌కే ఫారం వేసెయ్యండి. ఉర్దూ డిప్లొమాకు అడ్మిషన్లు ఎప్పుడో ఇప్పుడే కనుక్కోండి. డెమో క్లాసు ప్రాక్టీసుకు మీ వీధిలో హిందీ రాని ఆరో తరగతి పిల్లలు నలుగురిని కూర్చోబెట్టుకుని ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. అందులో మీ గొంతు ఎంతసేపు వినిపిస్తోందో టైం కట్టి చూడండి. సగం కన్నా ఎక్కువ ఉంటే మళ్లీ తియ్యండి.